నూరిన పప్పును కొనునపుడు

పట్టణములలోని కిరాణా దుకాణములందు నెయ్యి, తేనె, జాము సీసాల సరసన ఇటీవలి సంవత్సరములలో మరియొక వరుస చేరినది. ఆ సీసాలపై పీనట్ బటర్ అనియు, ఆల్మండ్ బటర్ అనియు, కాష్యూ బటర్ అనియు వ్రాసియుండును. లోపల గోధుమవన్నె ముద్ద కనబడును. బడికి పోవు పిల్లలున్న ఇండ్లలోను, వ్యాయామశాలకు పోవు యువకులున్న ఇండ్లలోను ఇది రొట్టెకు, చపాతీకి రాచుకొను పదార్థముగా వాడుకలోనికి వచ్చినది. పేరులో వెన్న ఉన్నను ఇందు పాలచుక్క లేదు. పప్పును వేయించి, దాని నూనె దానినుండియే వెలువడి ముద్ద జారుడగు వరకు నూరినచో వచ్చునదే ఈ వెన్న. హాలెండు దేశమున వెన్న అను మాటను పాలవెన్నకే కేటాయించినందున అచటివారు దీనిని వేరుసెనగ జున్ను అను అర్థము వచ్చు పేరుతో పిలుతురు. జున్నైనను, వెన్నైనను వస్తువు ఒక్కటియే.

మనకు ఇది పూర్తిగా క్రొత్తదని చెప్పుటకు వీలులేదు. రాయలసీమలో చెనక్కాయ, తెలంగాణమున పల్లి, కోస్తా జిల్లాలలో వేరుసెనగ అని పిలువబడు ఈ గింజతో పచ్చడి రుబ్బని తెలుగు ఇల్లు అరుదు. అయినను ఇంటిలో నూరుటకును, నూరినది కొని తెచ్చుటకును ఒక ముఖ్యమైన భేదము కలదు. పచ్చడికి పప్పు తీసిన ఇల్లాలు దానిని ముందుగా చేటలో పోసి చూచును. నల్లబడిన గింజను, ముడుతలు పడిన గింజను, బూజు పట్టిన గింజను ఏరి పారవేయును. అనుమానము కలిగినచో ఒక పలుకు నోట వేసికొని చేదును కనిపెట్టును. నూరిన ముద్దలో ఈ పరీక్ష సాగదు. మంచి గింజయు చెడ్డ గింజయు ఒకే రంగున కలిసిపోవును. కావున సీసాను కొనువారు కేవలము పప్పును కొనుటలేదు. తమ కంటికి కనబడని చోట ఎవరో చేసిన ఏరుటను, వారి శ్రద్ధను కూడ కొనుచున్నారు. ఆ శ్రద్ధ ఉన్నదా లేదా అనుదానిని తెలిసికొనుటకు కొనువారికి మిగిలిన ఆధారములు కొన్నియే. వానిని చదువుట నేర్చికొనవలసి యున్నది.

బూజు తెచ్చు విషము

ఏరుట యంత ముఖ్యమెట్లయినదో తెలియుటకు 1960వ సంవత్సరమునకు పోవలెను. ఆ యేడు ఇంగ్లండులో టర్కీ కోళ్లు లక్షకు పైగా చనిపోయినవి. కారణము తెలియనందున వైద్యులు దానికి టర్కీ ఎక్స్ వ్యాధి అని పేరుపెట్టిరి. శోధింపగా ఆ కోళ్లకు పెట్టిన దాణాలో బ్రెజిల్ నుండి తెచ్చిన వేరుసెనగ పిండి ఉన్నట్లును, ఆ పిండికి ఒకవిధమైన బూజు సోకినట్లును తేలినది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను ఆ బూజు పుట్టించు విషమునకే ఆఫ్లాటాక్సిన్ అని పేరు వచ్చినది. అది కాలేయమును దెబ్బతీయును. తక్కువ మోతాదులలోనైనను ఏండ్ల తరబడి శరీరములోనికి పోయినచో కాలేయపు కాన్సరుకు కారణమగునని నిర్ధారింపబడినది.

ఇది కోళ్లకే పరిమితమైన కథ కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దులందలి బాన్స్‌వాడా, పంచమహల్ జిల్లాల గ్రామములలో అకాలవర్షములకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిన్న పేదజనులలో కామెర్లు, జలోదరము వ్యాపించి నూరుగురికి పైగా మరణించిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించి ఆఫ్లాటాక్సిన్ వలన కలిగిన కాలేయవ్యాధియని తెలిపిరి. అచట ధాన్యము మొక్కజొన్న. కాని బూజు అదియే, విషమును అదియే. ఆ బూజుకు వేరుసెనగ మొక్కజొన్నకంటె తక్కువ ప్రియమైనది కాదు.

వేరుసెనగకు ఈ బూజు రెండు చోట్ల సోకును. పంట చివరి వారములలో బెట్ట వచ్చినచో కాయ నేలలో ఉండగనే సోకును. అనంతపురము, కదిరి ప్రాంతముల రైతులకు ఆ బెట్ట తెలియనిది కాదు. పెరికిన కాయ సరిగా ఎండక మునుపే వర్షమునకు తడిసినను, తేమతోనే గోనెలకెత్తినను గిడ్డంగిలో సోకును. పురుగు కొరికిన కాయకును, పగిలిన కాయకును అపాయము హెచ్చు. ఒక బస్తాలోని గింజలన్నియు ఒకే తీరుగ చెడవు. నూటికి ఒకటి రెండు గింజలలోనే విషమంతయు చేరియుండవచ్చును. ఏరివేయుటవలన ప్రయోజనము గొప్పదగుటకు హేతువు ఇదియే. ఏరకుండ నూరినచో ఆ ఒక్క గింజ ముద్ద యంతటికి పంచుకొనబడును.

వేయించినంత మాత్రమున ఈ విషము పూర్తిగా నశించునని తలపరాదు. కొంత తగ్గును, మిగిలినది నిలిచియుండును. నూనె తీయునపుడు విషములో అధికభాగము చెక్కలోనే మిగిలిపోవును. నూనెను శుద్ధిచేయునపుడు శేషించినదియు చాలవరకు తొలగును. వెన్నలో అట్టి తొలగింపు లేదు. గింజలో నున్నదంతయు సీసాలోనికి వచ్చును. అందుచేత మంచి కర్మాగారములలో పప్పును వేయించి, పైపొట్టును తీసి, రంగుమారిన గింజలను యంత్రముల సాయమునను చేతులతోను వేరుచేసి, అటుపైననే నూరుదురు. తినుటకు సిద్ధమైన గింజలలో ఆఫ్లాటాక్సిన్ మొత్తము కిలోకు 10 మైక్రోగ్రాములకు మించరాదని భారత ఆహార భద్రత, ప్రమాణముల ప్రాధికార సంస్థ నియమము. 10 మైక్రోగ్రాములనగా నూరుకోట్ల వంతులలో పది వంతులు. ఇంత సూక్ష్మమైన దానిని నాలుకతో గాని ముక్కుతో గాని పట్టుట ఎవరికిని సాధ్యము కాదు. ప్రయోగశాల పరీక్ష కావలెను.

కనుక సీసా వెనుక ముద్రించిన లైసెన్సు సంఖ్య అలంకారము కాదు. అది 14 అంకెల సంఖ్య. 1తో మొదలైనచో లైసెన్సు పొందిన సంస్థ. 2తో మొదలైనచో నమోదు చేసికొన్న చిన్న వ్యాపారి. ప్రాధికార సంస్థ వెబ్‌సైటులో ఆ సంఖ్యను వేసి చూచినచో అది ఎవరి పేర నున్నదో తెలియును. ఆ సంఖ్య గాని, తయారీ తేదీ గాని, బ్యాచి సంఖ్య గాని లేని డబ్బా ఎంత తాజాగా కనిపించినను దానిని కొనకుండుట మేలు. ఇంటిపట్టున తయారుచేసి అమ్ము మహిళాసంఘములు ఇప్పుడు పెక్కు కలవు. వారి సరకు పెద్ద కంపెనీల సరకుకంటె హీనమని భావింపనక్కరలేదు. పప్పును ఎక్కడ కొందురు, ఎట్లు ఏరుదురు అని వారిని అడుగవచ్చును, అడిగినచో చూపగలరు. ఈ సౌకర్యము దూరపు కర్మాగారపు సీసాకు లేదు. అయితే వారియొద్దను నమోదు సంఖ్య ఉండవలసినదే.

సీసా వెనుకవైపు

సీసా ముందువైపు అమ్మువాని మాట. వెనుకవైపు చట్టము పలికించిన మాట. పొలము బొమ్మను, కండలు తిరిగిన చేతిని చూచి సంతోషింపవచ్చును గాని కొనుటకు ముందు సీసాను త్రిప్పవలెను. అచట చేర్చిన పదార్థముల జాబితా ఉండును. బరువులో ఎక్కువైనది ముందును, తక్కువైనది తరువాతను వచ్చునట్లు వ్రాయవలెనని నియమము. వేరుసెనగ వెన్నకు కావలసిన జాబితా మిక్కిలి చిన్నది: వేయించిన వేరుసెనగ పప్పు. ఉప్పు కొంచెము ఉన్నను దోషము లేదు. జాబితా పెరిగినకొలది ప్రశ్నలును పెరుగవలెను.

జాబితాలో రెండవ పేరు తరచుగా చక్కెర. పోషకవిలువల పట్టికలో చేర్చిన చక్కెర 100 గ్రాములకు ఎన్ని గ్రాములో ప్రత్యేకముగ చూపబడును. అది 10 అని ఉన్నదనుకొందము. ఒక పిల్లవాడు రోజుకు రెండు పెద్ద చెంచాలు, అనగా సుమారు 30 గ్రాములు తిన్నచో 3 గ్రాముల చక్కెర వెన్న వలననే పోవును. అది స్వల్పమే. కాని చాకొలెట్ కలిపిన రకములలో ఈ సంఖ్య ఎంతో హెచ్చుగా నుండును. హేజల్‌నట్ పేరుతో వచ్చు చాకొలెట్ ముద్దలు కొన్నిటిలో మొదటి పేరే చక్కెర, రెండవది పామాయిలు. గింజ వాని వెనుక వచ్చును. వానిని గింజల వెన్నగా తలంచి పిల్లలకు పెట్టుట కంటె మిఠాయిగా తలంచి పెట్టుట నిజాయితీ. బెల్లము, తేనె చేర్చినదని గొప్పగా వ్రాసిన సీసాయు తీపి లేని సీసా కాదు. మధుమేహము గలవారికి బెల్లమును చక్కెరయు ఒక త్రాసులోనివే.

తరువాతి ప్రశ్న నూనె. స్వచ్ఛమైన వేరుసెనగ వెన్నను కదలింపక ఉంచినచో దాని నూనె పైకి తేలును, ముద్ద అడుగున గట్టిపడును. దీనిని చూచి సరకు చెడినదని తిరిగి ఇచ్చువారు కలరు. అది చెడినందుకు గుర్తు కాదు. ఏమియు కలుపనందుకు గుర్తు. సీసాను ఒక పూట తలక్రిందుగా ఉంచి పొడి గరిటెతో అడుగునుండి కలిపినచో సరియగును. ఈ శ్రమ లేకుండుటకై అమెరికాలో 1920 దశకమున వేరుసెనగ నూనెనే హైడ్రోజనుతో గట్టిపరచి కలుపు పద్ధతి వచ్చినది. నేడు మన అంగళ్లలో కనబడు సీసాలు పెక్కింటిలో గట్టిపరచిన వనస్పతి నూనె గాని, పామాయిలు గాని, 471 అను సంఖ్యగల ఎమల్సిఫయరు గాని ఉండును. పూర్తిగా గట్టిపరచని నూనెలలో ట్రాన్స్ క్రొవ్వు పుట్టును. గుండెకు అది మిక్కిలి హానికరము. మన దేశమున 2022 జనవరి నుండి ఆహారమునందలి నూనెలు, క్రొవ్వులలో ట్రాన్స్ క్రొవ్వు నూటికి 2 వంతులకు మించరాదను నియమము అమలులో నున్నది. కాబట్టి పూర్వమున్నంత భయము ఇప్పుడు లేదు. అయినను వేరుసెనగలో సగము బరువు దాని సొంత నూనెయే; దానికి మరియొక నూనె చేర్చుటవలన తినువారికి వచ్చు లాభమేమియు కనబడదు. కలుపు శ్రమ తప్పుట ఒక్కటియే లాభము.

"కొలెస్టరాలు లేదు" అను మాట విషయములో ఒక్క వాక్యము చాలును: మొక్కలనుండి వచ్చు నూనెగింజ దేనిలోను అది లెక్కింపదగినంత యుండదు, ఈ సీసాలో లేకుండుట విశేషము కాదు.

మాంసకృత్తుల మాట మాత్రము కొంత వివరింపదగినది. వేరుసెనగలో నూటికి 24, 25 వంతులు మాంసకృత్తులు కలవు. ఇది సామాన్యమైన పప్పుదినుసులతో తూగునట్టి పరిమాణము. శాస్త్రము ప్రకారము వేరుసెనగ నిజమైన నట్టు కాదు, కంది, పెసర కుటుంబములోనిదే. ఈ గుణమునుబట్టియే 1950లో స్థాపితమైన మైసూరు కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఆ తొలి దశాబ్దములోనే నూనె తీసిన వేరుసెనగ పిండిని, వేయించిన సెనగపిండిని కలిపి పేదలకై బహుళార్థ ఆహారమును రూపొందించినది. కాని వేరుసెనగ మాంసకృత్తులలో లైసిన్ అను భాగము తక్కువ; గోధుమలోను అదే తక్కువ. కావున చపాతీకి వెన్న రాచి పెట్టినంత మాత్రమున ఆ పూటకు పప్పు వండనక్కరలేదనుకొనుట పొరపాటు. మాంసకృత్తులు హెచ్చుగా గలదని ముద్రించిన ప్రత్యేకరకములలో పాలవిరుగుడు పొడియో, సోయా పొడియో కలిపియుండును. ధర అంతకు మించి పెరుగును. సామాన్యమైన ఇంటికి ఆ అదనపు వ్యయమునకు బదులు ఒక గ్రుడ్డో, ఒక గిన్నెడు పెరుగో చౌకయగు మార్గము.

ఎంత తినవలెను

ఈ ముద్ద బలమైనది. రెండు పెద్ద చెంచాలలో 7 గ్రాముల మాంసకృత్తులతోపాటు సుమారు 190 కేలరీలును, 16 గ్రాముల క్రొవ్వును ఉండును. బక్కచిక్కిన పిల్లవానికి ఈ గుణము వరము. కూర్చుండి పనిచేయు నడివయసువాడు సీసాలోనికి చెంచా మీద చెంచా ముంచుచు వార్తలు చదువుట వేరొక సంగతి.

మహాత్మాగాంధీ ఆత్మకథను చదివినవారికి ఈ సందర్భమున ఒక ఘట్టము జ్ఞాపకము వచ్చును. 1918లో ఖేడా జిల్లాలో సైనికులను చేర్పించు పనిమీద తిరుగుచున్న దినములలో ఆయన ఆహారము ముఖ్యముగా వేరుసెనగ వెన్నయు నిమ్మకాయలును. ఆ వెన్నను మితిమీరి తిన్నచో ఆరోగ్యము చెడునని తెలిసియు తాను తింటిననియు, దానివలన విరేచనములు పట్టుకొన్నవనియు ఆయన దాపరికము లేకుండ వ్రాసికొనెను. ఆ జబ్బు ముదిరి ప్రాణముమీదికి తెచ్చినది. పాలు మానిన వ్రతము గల ఆయన కస్తూరిబా సూచనపై మేకపాలు త్రాగుటకు అంగీకరించినదియు ఆ వ్యాధి ఫలితముగనే. ఆహారమును గూర్చి అంతగా పరిశోధనలు చేసిన మనిషికే మితము తప్పినదనగా ఈ ముద్ద రుచిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు.

పసిపిల్లల విషయములో రెండు జాగ్రత్తలు కలవు. నాలుగేండ్లు నిండని పిల్లలకు పలుకులు గాని, చెంచాడు గట్టి ముద్ద గాని పెట్టరాదు. గొంతునకు అడ్డుపడి ఊపిరి ఆగు ప్రమాదము కలదు. గోరువెచ్చని నీటిలోనో గంజిలోనో పలుచగా కలిపి గాని, రొట్టెపై పలుచగా రాచి గాని పెట్టవలెను. రెండవది ఎలర్జీ. కొందరికి వేరుసెనగ పడదు; తిన్న కొలది నిమిషములలో పెదవులు వాచుట, దద్దురులు, వాంతి, ఊపిరాడకపోవుట కలుగును. అట్టి స్థితిలో ఇంటివైద్యము చేయుచు కూర్చుండక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఈ భయముచేత పిల్లలకు వేరుసెనగను ఏండ్ల తరబడి పెట్టకుండుటయే మంచిదని పాశ్చాత్యదేశములలో కొంతకాలము చెప్పుచుండిరి. లండనునందు జరిగి 2015లో ప్రకటింపబడిన పరిశోధన ఆ అభిప్రాయమును తారుమారు చేసినది. ఎలర్జీ భయము హెచ్చుగాగల శిశువులలో మొదటి సంవత్సరముననే వేరుసెనగ పెట్టినవారికి, పెట్టనివారికంటె ఎలర్జీ ఎంతో తక్కువగా కలిగినది. తీవ్రమైన గజ్జి, గ్రుడ్డు పడకపోవుట మున్నగునవి ఉన్న శిశువునకు మాత్రము వైద్యుని అడిగిన పిదపనే ఆరంభింపవలెను.

బాదము, జీడిపప్పు, ధర

బాదము వెన్నను, జీడిపప్పు వెన్నను ఆరోగ్యమునకు మెట్టుపై మెట్టుగా భావించువారు కలరు. బాదములో ఇ విటమిను, సున్నము హెచ్చన్నది నిజము. కాని మాంసకృత్తులలో బాదము వేరుసెనగకు దిగువనే యుండును. జీడిపప్పు మరికొంత దిగువ. ధర మాత్రము ఎన్నియో రెట్లు. రుచికై కొనువారు కొనవచ్చును. ఆరోగ్యమునకై అప్పుచేసి కొనవలసినది ఏదియు ఆ సీసాలలో లేదు. పైపెచ్చు, ముందువైపు బాదము బొమ్మ వేసి లోపల వేరుసెనగను ప్రధానముగ నింపిన మిశ్రమములును కలవు. లేబులుపై ఒక పదార్థమును ప్రత్యేకముగ చాటినచో అది నూటికి ఎన్ని వంతులున్నదో జాబితాలో తెలుపవలెనని నియమము. ఆ అంకెను చూచినచో బొమ్మ ఎంతవరకు సత్యమో తెలియును.

ధరను పోల్చుటకు సీసా పరిమాణమును నమ్మరాదు. మందమైన గాజు, ఎత్తైన అడుగు కన్నులను మోసగించును. కిలోకు తక్కువ బరువున్న ప్యాకేజీలపై గ్రాము ధరను ముద్రింపవలెనను నియమము ఇప్పుడు కలదు. రెండు సీసాలపై ఆ అంకెలను చూచిన చాలును. ఇంకొక లెక్కయు వేయదగును. అదే దుకాణమున వేరుసెనగ పప్పు కిలో ధర అడిగి, దానిని వెన్న కిలో ధరతో పోల్చినచో వేయించి నూరినందుకును, సీసాకును, ప్రకటనకును తాము ఎంత చెల్లించుచున్నారో గృహిణులకు బోధపడును. పెక్కు గృహములలో ఈ లెక్క మిక్సీని క్రిందికి దింపించును.

ఇంటిలో చేయుట కష్టము కాదు. అరకిలో పప్పు తీసికొని చేటలో పరచి వెలుతురులో ఏరవలెను. ఏరివేసిన గింజలను కోళ్లకో పశువులకో వేయరాదు. ఆ విషము పాలలోనికిని వచ్చును. మంచి పప్పును సన్నసెగపై చిటపటలాడి కమ్మనివాసన వచ్చు వరకు వేయించి, ఆరిన పిమ్మట నలిపి పొట్టు చెరిగివేయవలెను. మిక్సీలో మొదట పొడి యగును, పిదప ముద్ద కట్టును. ఆ దశలో చాలమంది నీరో నూనెయో పోయుదురు, పోయరాదు. నీరు తగిలినచో త్వరగా చెడును. మిక్సీ వేడెక్కకుండ నడుమ నడుమ ఆపుచు, అంచులకు అంటినదానిని దింపుచు మరికొన్ని నిమిషములు త్రిప్పినచో ముద్ద తానే జారుడగును. చిటికెడు ఉప్పు చేర్చి పొడి సీసాలో నింపి రెండు మూడు వారములలో వాడుకొనవలెను. శీతలయంత్రమున ఉంచినచో మరికొంత కాలము నిలుచును.

తెరచిన తరువాత

కొన్న సీసాకైనను ఇదే మర్యాద. తడి చెంచా, ఎంగిలి చెంచా తగులరాదు. వెలుతురు, వేడి తగులు కిటికీ అంచున ఉంచరాదు. మూత తీసినపుడు పాతనూనె వాసన గాని, ముక్కిన వాసన గాని, గొంతును గీరు చేదు గాని తోచినచో ఖరీదు తలంచుకొని తినరాదు, పిల్లలకు పెట్టరాదు. పెద్ద సీసా చౌకయని కొని ఆరునెలలు ఈడ్చు ఇంటికి చిన్న సీసాయే నిజమునకు చౌక.

తేమ లేని పదార్థమగుటచే దీనిలో క్రిములు పెరుగవని కొందరి నమ్మకము. పెరుగవు గాని చావవు. క్రొవ్వు వానికి కవచమువలె కాపుదలయగును. 2008, 2009 సంవత్సరములలో అమెరికాలో ఒక కర్మాగారపు వేరుసెనగ వెన్న, ముద్దల వలన సాల్మొనెల్లా క్రిమి వ్యాపించి 700 మందికి పైగా జబ్బుపడిరి, తొమ్మండుగురు మరణించిరి. సరకులో క్రిమి ఉన్నట్లు తెలిసియు అమ్మించినట్లు విచారణలో తేలగా 2015లో ఆ సంస్థ అధిపతికి 28 సంవత్సరముల కారాగారశిక్ష విధింపబడెను. ఆ సరకును బిస్కత్తులు మున్నగు నానావిధముల తినుబండారములలో వాడియుండినందున వందలకొలది కంపెనీల వస్తువులను అంగళ్లనుండి తిరిగి రప్పింపవలసి వచ్చినది. ఏ వస్తువును రప్పింపవలెనో తెలిపినది బ్యాచి సంఖ్యయే. కావున సీసా ఖాళీయగు వరకు లేబులును చింపకుండుటయు, బిల్లును దాచుటయు అవసరము.

అనుమానము కలిగిన సరకును గూర్చి జిల్లా ఆహార భద్రతాధికారికి ఫిర్యాదు చేయవచ్చును. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టములోని 40వ సెక్షను కొనువారికి మరియొక హక్కును కూడ ఇచ్చినది. అది చాలమందికి తెలియదు. ఏ వినియోగదారుడైనను తాను కొన్న ఆహారపదార్థమును నిర్ణీతమైన రుసుము చెల్లించి ప్రభుత్వ ఆహార విశ్లేషకునిచేత పరీక్ష చేయించుకొనవచ్చును. అట్లు చేయింపదలచినట్లు కొనునపుడే అమ్మువానికి తెలుపవలెను. పరీక్షలో సరకు చట్టవిరుద్ధమని తేలినచో చెల్లించిన రుసుము కొన్నవానికి తిరిగి వచ్చును. అమ్మినవానిపై చర్య తీసికొనుట అధికారుల వంతు.